రాజుగారు సానపట్టిన విత్తనం

ప్రమాదీచ నామ సంవత్సరం, తొలకరి పడిన వారం. కొండలకూ సముద్రానికీ నడుమ ఒకానొక చిన్న రాజ్యం. దాని ప్రభువు రణధీరవర్మకు ఓడ వర్తకుడొకడు ఆరు విత్తనాలు కానుకిచ్చాడు.

"దీవుల్లో పెరిగే తీగ ప్రభూ! పందిరెక్కిందంటే నీలం పూలగుత్తులు మూరెడేసి పొడవున వేలాడతాయి!"

ఆ మాటతో రాజుగారికి కాలు నిలవలేదు. అయితే ఆ రాజ్యంలో ఒక శాసనం ఉంది. రాజు సొత్తు మీద గీత పడితే, గీసినవాడి చెయ్యి తీసెయ్యాలి. విత్తనాలూ రాజు సొత్తే మరి! అందుకని ఆస్థాన పండితుడు వాటిని పట్టుగుడ్డలో పెట్టి, పాలు పోసి, పన్నీరు చిలకరించి పాతించాడు. అయిదు పాతితే అయిదూ గులకరాళ్లలా అలాగే ఉండిపోయాయి.

"తప్పు తోటమాలిది!" అనేశాడు పండితుడు.

తోటమాలి పోలయ్యకు నలభై ఏళ్లుగా ఆ తోటే లోకం.

"మిగిలింది ఒక్కటే. పక్షం రోజుల్లో మొలవాలి. లేదా తోట విడిచి పో!" అన్నారు రాజుగారు.

పోలయ్య గింజను వేళ్లతో నొక్కి చూశాడు. పెంకు మహా గట్టి. కాస్త అరగదీస్తే గాని లోపలికి తడి దిగదు. అరగదీస్తే చెయ్యి పోతుంది, ఊరుకుంటే తోట పోతుంది! మర్నాడు నిండు కొలువులోకి నడిచాడు.

"ఏలినవారూ, నాకో అనుమానం. ఇది విత్తనం కాదు, రత్నమేమో!"

పండితుడు పకపకా నవ్వాడు. "ఓరి వెర్రివాడా! గింజకూ రత్నానికీ తేడా తెలీదురా?"

"మట్టి పిసుక్కునే వాణ్ణి, నాకేం తెలుస్తుంది బాబూ? రత్నమైతే సానరాయి మీద రుద్దితే మెరుస్తుందంటారు. తేల్చగలిగింది ప్రభువులొక్కరే."

రత్నపరీక్షలో తనను మించినవాడు లేడని రాజుగారి నమ్మకం. "తీసుకురండి సానరాయి!" అని గర్జించి, గింజను తానే పట్టుకుని బరబరా రుద్దేశారు. నల్లటి పెంకు అరిగి తెల్లటి మచ్చ తేలింది.

"గింజే!" అన్నారు గెలిచినట్టు.

కొలువులో అందరి చూపూ ఆ మచ్చ మీదే పడింది. రాజు సొత్తు మీద గీత! రాజుగారు మెల్లగా చేతిని ఉత్తరీయంలోకి లాక్కున్నారు.

"ఇప్పుడెలా, పోలయ్యా?"

"దెబ్బతిన్నవాణ్ణి అడక్కుండా తీర్పు చెప్పకూడదు కదా ప్రభూ! గింజనే అడుగుదాం. గాయమే అయితే కుళ్లుతుంది. మేలైతే మొలుస్తుంది."

పోలయ్య దాన్ని ఒక పూటంతా నీళ్లలో నానేసి, ఉబ్బాక పాతాడు. రాజుగారు రోజుకు నాలుగుసార్లు తోటకు వచ్చిపోయేవారు, చెయ్యి ఉత్తరీయంలోనే! తొమ్మిదో రోజు తోటంతా రాజుగారి కేకలు. "పోలయ్యా! పైకొచ్చిందయ్యా! పరుగెత్తు!"

పచ్చటి మొలక తల ఎత్తింది. రాజుగారు రెండు చేతులూ బయటికి తీసి చప్పట్లు కొట్టారు. అంతలో ఏదో తట్టింది.

"ఒరే, అరగదీయాలని నీకు ముందే తెలుసు కదూ?"

"తెలుసు ప్రభూ. మీ చెయ్యి నరికే మొనగాడు ఈ రాజ్యంలో లేడు. నా చేతికైతే వరస కట్టి వస్తారు!"

రాజుగారు పొట్ట పట్టుకుని నవ్వారు. అక్కడికక్కడే ఆ శాసనం రద్దుచేసి, తోటను పోలయ్యకు రాసిచ్చి, ఆ తీగకు నీళ్లు మోసే పని పండితుడికి అప్పగించారు.

సానరాయి మీద రుద్దిన రుద్దుడుకు రాజుగారి కుడి బొటనవేలి గోరు సగానికి అరిగిపోయింది.