వాగు ఇసుకలో ఇప్పమ్మ బడి

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో ఏనుగులు తమ గున్నల కోసం ఒక బడి పెట్టుకున్నాయి. బడి అంటే గోడలూ గంటా ఏమీ లేవు. ఎండిన వాగు ఒడ్డున కాసిన్ని మద్దిచెట్ల నీడ, అంతే. అక్కడ చదువు చెప్పేది ఇప్పమ్మ అనే ముసలి ఏనుగు.

ఏనుగులకు తమ జ్ఞాపకశక్తి అంటే ఎంత గర్వమో మీకు తెలుసుగా. ఆ మందకు మరీనూ. వేసవిలో ఏ మడుగుకు ఏ దారిన వెళ్ళాలో తడుముకోకుండా అప్పజెప్పిన గున్నే వాళ్ళ దృష్టిలో గొప్ప గున్న. మంద పెద్ద రేలమ్మకైతే చదువంటే అదొక్కటే.

ఇప్పమ్మ దారులు నేర్పేది. కానీ అంతటితో ఊరుకునేది కాదు. పొద్దున్నే గున్నలను వాగులోకి దింపి కాళ్ళతో, తొండాలతో ఇసుక తవ్వించేది. మధ్యాహ్నం దారులు వల్లె వేయించేది. ఆ తర్వాత పళ్ళూడిన మోదుగు తాత దగ్గరికి తీసుకెళ్ళి, ఆయనకు లేత చిగుళ్ళు ఏరి పెట్టించేది. పొద్దువాలే వేళ అందరినీ వరసగా నిలబెట్టి, కళ్ళు మూసుకుని పాదాల కింద నేలను వినమనేది. ఆ కాసేపూ ఎవరూ తోక కూడా ఆడించకూడదు. బుడమ అనే గున్నపిల్లకు సరిగ్గా అప్పుడే ఒళ్ళంతా దురద పుట్టేది.

ఒకరోజు రేలమ్మ వచ్చింది. "పిల్లలు కాళ్ళు నొప్పులంటున్నారు. నిండు మడుగులుండగా ఈ తవ్వకాలెందుకే ఇప్పమ్మా?" అంది.

"ఒళ్ళు గట్టిపడాలి అక్కా. ఆపను" అంది ఇప్పమ్మ.

మరోసారి వచ్చి, తాతకు మేత పెట్టడానికి పెద్దవాళ్ళం లేమా అని నిలదీసింది. ఉన్నారు, కానీ పిల్లలకు అలవాటు కావాలంది ఇప్పమ్మ. అదీ ఆపలేదు.

మూడోసారి రేలమ్మ నిజంగానే కోపంతో వచ్చింది. "సాయంత్రం ఆ కాసేపట్లో ఇంకో దారి నేర్పొచ్చు కదా. ఊరికే నిలబడితే ఏమొస్తుంది?"

ఆ సంగతి మాటల్లో పెట్టడం ఇప్పమ్మకూ చేతకాలేదు.

"సరిగ్గా చెప్పలేను అక్కా. కానీ భయం వేసినప్పుడు నిలదొక్కుకోవడం వాళ్ళకు తెలియాలి. ఇదీ ఆపను."

రేలమ్మ తన మనవడు తునికిని బడి మాన్పించింది. దారులన్నీ తనే దగ్గర కూర్చోబెట్టుకుని నేర్పింది. ఆమెను చూసి మరికొందరు తల్లులూ పిల్లల్ని తీసుకుపోయారు. వేసవి దాటగానే బడి మూసేస్తామని రేలమ్మ కచ్చితంగా చెప్పేసింది. ఇప్పమ్మకు ప్రాణం ఉసూరుమంది. అయినా మర్నాడు రోజూకన్నా ముందే వాగులోకి దిగి, మిగిలిన గున్నల కోసం ఎదురుచూసింది.

వేసవి వచ్చింది. మంద నీళ్ళకు బయలుదేరింది. మొదటి మడుగు నెర్రెలిచ్చి ఉంది. రెండోదీ అంతే. కొండ కింది లోతు మడుగు ఎన్నడూ ఎండలేదని అంతా ధైర్యం చెప్పుకుని నడిచారు. తీరా చూస్తే అందులోనూ ఎండిన బురదే.

"నా జ్ఞాపకం తప్పదు. ఎక్కడో దారి తప్పాం. మళ్ళీ మొదటి మడుగుకే పోదాం పదండి" అంది రేలమ్మ. ఆమె జ్ఞాపకం తప్పలేదు పాపం. నీళ్ళే లేవు.

గున్నలు నడవలేక నేలమీద కూలబడుతున్నాయి. ఇప్పమ్మ వెళ్ళి దారికి అడ్డంగా నిలబడింది.

"పిల్లలు ఇక్కణ్ణించి కదలరు. ఆ నడకకు వీళ్ళు బతకరు అక్కా. ఒక్కసారి నా బడి పిల్లల్ని ప్రయత్నించనివ్వు."

రేలమ్మ పక్కకు జరిగింది. ఈ మడుగులోకి నీళ్ళు ఎటునుంచి వస్తాయో ఎవరికైనా గుర్తుందా అని ఇప్పమ్మ గున్నలను అడిగింది. తునికి మెల్లగా ముందుకొచ్చాడు.

"ఎగువన నల్లబండ దగ్గర వాగు వంపు తిరుగుతుంది పంతులమ్మా. అక్కడ ఇసుక ఆఖరున ఎండుతుందని దారిపాఠంలో ఉంది."

అంతా అక్కడికి చేరారు. పెద్ద ఏనుగులు ఆత్రంగా తవ్వబోతే వాటి బరువుకు గుంట గుంటంతా పూడిపోయింది. చిన్న గున్నలు ఏడుపు అందుకున్నాయి. ఇప్పమ్మ పెద్దవాళ్ళను పక్కకు తప్పుకోమంది. గున్నలను వరసగా నిలబడి కళ్ళు మూసుకోమంది.

ఏడుపులు ఒక్కొక్కటే ఆగాయి. ఈసారి బుడమకు దురద పుట్టలేదు. కాసేపటికి అది మెల్లగా అడుగులేస్తూ బండ మొదట్లో ఆగింది.

"ఇక్కడ పాదం కింద చల్లగా ఉంది."

తవ్వడం మొదలుపెట్టారు. ఇసుక జారితే మళ్ళీ తవ్వారు. తునికి కాళ్ళు ఇట్టే అలిసిపోయాయి. వాడు సిగ్గుపడి వెనక్కి తగ్గబోతే, తవ్విపోసిన ఇసుకను దూరంగా నెట్టే పని బుడమ వాడికి అప్పగించింది. చివరికి తవ్విన చెలమ గుంట అడుగున తడి మెరిసింది. నీళ్ళు ఊరాయి.

బుడమ గొంతు ఎండిపోయి ఉంది. అది తొండం నిండా నీళ్ళు పీల్చింది. నేరుగా మోదుగు తాత దగ్గరికి నడిచి ఆయన నోట్లో పోసింది. రెండోసారి అందరికన్నా చిన్న గున్నకు పట్టింది. ఇప్పమ్మకు కళ్ళనీళ్ళు ఆగలేదు. రేలమ్మ అంతా చూస్తూ నిలబడింది. అందరూ తాగాకే తను తాగింది.

వానలు పడ్డాయి. బడి మొదలైన రోజున గున్నలన్నీ వచ్చాయి. రేలమ్మే తునికిని వెంటబెట్టుకొచ్చింది.

"వీడికి దారులొక్కటే వచ్చు. మిగతావి నువ్వే నేర్పాలి."

"ఆ దారులు రాకపోతే మనకు వాగు వంపు దొరికేది కాదక్కా. అవీ కావాలి" అంది ఇప్పమ్మ. వాణ్ణి ముందు ఇసుక తవ్వడానికి పంపింది.

ఆ సాయంత్రం గున్నలు కళ్ళు మూసుకుని వరసగా నిలబడ్డాయి. వరస చివర, బుడమ పక్కన, ఎవరివో బరువైన పాదాలు మెత్తగా వచ్చి ఆగాయి. ఇప్పమ్మ ఒక కన్ను తెరిచి చూసింది. రేలమ్మ.

ఇప్పమ్మ మళ్ళీ కన్ను మూసుకుంది.

"తోక ఆడించకూడదక్కా" అంది.

నీతి: బుర్రను మాత్రమే నింపితే అది సగం చదువే. ఒంటికి బలం, మనసుకు దయ, లోపల నిబ్బరం కూడా ఇస్తేనే అది నిండు చదువు.