తాళం వేసిన రబ్బరు చెయ్యి

శ్రీకాకుళం జిల్లాలోని ఒక చిన్న పట్టణంలో, నర్సింగ్ స్కూల్లో హైమావతి అనే టీచరు ఉండేది. ఏ వస్తువైనా వాడితే పాడైపోతుందని ఆమెకు మహా బెంగ. ఇంట్లో సోఫాకు ప్లాస్టిక్ కవరు ఉండేది, ఆ కవరు మాయకుండా పైన దుప్పటి ఉండేది. టీవీ రిమోటుకూ కవరే. టీవీ చెడిపోయి మూడేళ్ళయినా రిమోటు మాత్రం కొత్తగా మెరుస్తూ ఉండేది. ఎవరి ఇల్లు వాళ్ళిష్టం, మనం నవ్వుకుని ఊరుకోవచ్చు. కానీ ఆ బెంగ రోజూ ఆమె వెంట స్కూలుకు కూడా వచ్చేది.

టీచరుగా ఆమెకు వంక పెట్టడానికి లేదు. ఒక్క రోజు ఆలస్యంగా వచ్చేది కాదు. బోర్డు మీద చేతి నరాలు గీస్తే అచ్చం చెయ్యిని చూసినట్టే ఉండేది. ఒక ఏడాది ఆ స్కూలుకు రబ్బరు చెయ్యి వచ్చింది. భుజం నుంచి వేళ్ళ దాకా మనిషి చెయ్యిలాగే ఉంటుంది. లోపల సన్నటి గొట్టాలు ఉంటాయి. వాటిలోకి ఎర్రనీళ్ళు పంపి పైనుంచి సూది గుచ్చితే, సూది సరిగ్గా నరంలో దిగినప్పుడు రక్తంలాగే వెనక్కి చిమ్ముతుంది. సెలైన్ ఎక్కించడానికి నరంలో సూది పెట్టడం ముందు దాని మీద నేర్చుకోవాలి, ఆ తర్వాతే మనుషుల మీద. దాన్ని తయారుచేసిందే అందుకు. హైమావతి దాన్ని పెట్టెలోంచి తీసి, చూసి మురిసిపోయి, ప్లాస్టిక్ కవరు విప్పకుండానే అద్దాల బీరువాలో పెట్టి తాళం వేసింది. శనివారం శనివారం ఆ కవరు మీది దుమ్ము స్వయంగా తుడిచేది.

పిల్లలు దిండుకు సెలైన్ గొట్టం కట్టి, దాన్నే నరం అనుకుని గుచ్చేవారు. దిండు కదలదు. గొట్టం పక్కకు జారదు. పైన తోలు లేదు కాబట్టి అంతా కళ్ళకు కనిపిస్తూనే ఉంటుంది. అలా నేర్చుకున్నవాళ్ళలో నీలవేణి అనే అమ్మాయి ఉండేది. అందరికంటే నెమ్మదస్తురాలు, అందరికంటే భయస్తురాలు. వార్డు డ్యూటీ రెండు రోజులు ఉందనగా ధైర్యం చేసి టీచరు గదికి వెళ్ళింది.

"మేడమ్, ఒక్కసారి రబ్బరు చెయ్యి తీస్తారా? ఒక్కొక్కరం ఒక్కసారి గుచ్చి చూస్తాం" అంది.

"చూస్తానంటే తీస్తాను. గుచ్చుతానంటే తీయను" అంది హైమావతి. "నలభై మంది గుచ్చితే నెల తిరక్కుండా జల్లెడైపోతుంది. ఇన్‌స్పెక్షన్‌కి వచ్చినవాళ్ళకి ఏం చూపించాలి?"

"మరి మేం ఎక్కడ నేర్చుకోవాలి మేడమ్?"

"వార్డులో. మేమంతా అక్కడే నేర్చుకోలేదూ?"

నీలవేణి వెనక్కి వచ్చి మళ్ళీ దిండు ముందే కూర్చుంది.

ఆ ఏడు వానలు గట్టిగా పడ్డాయి. మంచినీళ్ళ గొట్టాల్లోకి మురుగు చేరి ఊరంతా వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. నీలవేణి వచ్చి అడిగిన మర్నాడే హైమావతి కూడా మంచం పట్టింది. తెల్లవారేసరికి నిలబడలేని స్థితికి వచ్చింది. స్కూలు పిల్లలు డ్యూటీ చేసే ఆసుపత్రికే ఆమెను తీసుకువచ్చారు. ఆడవాళ్ళ వార్డు నిండిపోయింది. ఎవరనీ, ఏమిటనీ చూసే వీలు లేక ఖాళీగా ఉన్న ఆఖరి మంచం మీద పడుకోబెట్టారు.

పక్క మంచం మీద గున్నమ్మ అనే ముసలామె ఉంది. జీడిపిక్కలు కొట్టే పని ఆమెది. జీడి నూనె అంటి అంటి చేతులు మోచేతుల దాకా నల్లబడి, తోలు బిరుసెక్కి ఉన్నాయి. ఆమెకూ అదే జబ్బు. ఒంట్లో నీరంతా పోయి కళ్ళు లోతుకు పోయాయి. ఇద్దరికీ వెంటనే సెలైన్ పెట్టమని డాక్టరు చెప్పి, మరో వార్డుకు పరుగెత్తాడు.

ట్రే పట్టుకుని హైమావతి దగ్గరికి వచ్చింది నీలవేణి. ఆ పిల్లకు అది వార్డులో మొదటి రోజు. ట్రేలో సూదులు గలగలలాడుతున్నాయి.

హైమావతి ఆ చేతుల వణుకు చూసింది. చూసి, తన చెయ్యి దుప్పటి లోపలికి లాక్కుంది.

"నువ్వా? నువ్వొద్దు. సిస్టర్‌ని పిలువు" అంది.

సీనియర్ సిస్టర్ వచ్చి ఒక్క పోటుతో సూది పెట్టి, సెలైన్ వదిలి, "నీలవేణీ, ఆ పక్కామెకి నువ్వు పెట్టు" అని చెప్పి గబగబా వెళ్ళిపోయింది. గున్నమ్మ తన చెయ్యి దేని కిందా దాచుకోలేదు. అడగకముందే చాపింది.

నీలవేణి మొదటిసారి గుచ్చింది. నరం పక్కకు జారిపోయింది. దిండుకు కట్టిన గొట్టం ఎన్నడూ అలా జారలేదు. రెండోసారి సూది నరంలోంచి అవతలికి పోయి, తోలు కింద రక్తం గడ్డకట్టి ఉబ్బింది. మూడోసారి ఆ బిరుసు తోలు కింద నరం ఎక్కడుందో వేలికి తగలనే లేదు. గున్నమ్మ కళ్ళు మూసుకుని, రెండో చేత్తో మంచం పట్టె బిగించి పట్టుకుంది. హైమావతి పక్క మంచం మీంచి అంతా చూస్తూనే ఉంది. తోలు కిందికి లాగి పట్టాలి, సూది ఇంకా వాల్చాలి అని ఆమెకు తెలుసు, ఆ పిల్లకూ తెలుసు. ఆ మాటలు బోర్డు మీద ఎన్నిసార్లు రాసిందో లెక్కలేదు. రాసింది చేతికి రాదని ఆమెకు అప్పుడే తెలిసింది.

నాలుగోసారి కూడా తప్పాక నీలవేణి ఏడ్చేసింది. "అమ్మమ్మా, నన్ను క్షమించు" అంది.

"ఏడవకమ్మా, పర్నేదు" అంది గున్నమ్మ. గొంతు లోతులోంచి వస్తోంది. "జీడిపిక్కలు కొట్టీ కొట్టీ ఈ సెయ్యి మొద్దుబారిపోనాది. మా బోటోలి మీద కాకపోతే ఇంకెవులి మీద నేర్సుకుంతావు?"

అందులో నిష్ఠూరం లేదు. ఉన్నట్టయితే హైమావతికి కాస్త తేలికగా ఉండేదేమో. ఆ ముసలామె మనస్ఫూర్తిగానే అంది. రబ్బరు చెయ్యికి తాళం ఉంది. తన చెయ్యికి టీచరన్న హోదా ఉంది. ఏ కాపలా లేనిది గున్నమ్మ చెయ్యి ఒక్కటే. మేమంతా వార్డులోనే నేర్చుకోలేదూ అన్న తన మాట హైమావతికి గుర్తొచ్చింది. ముప్పై ఏళ్ళ కిందట తను మొట్టమొదట గుచ్చిన మనిషి ఆడో మగో కూడా ఆమెకు గుర్తు రాలేదు.

ఇంతలో గున్నమ్మ తల పక్కకు వాలిపోయింది.

"నీలవేణీ, సూది వదిలెయ్. సిస్టర్‌ని పిలువు, డాక్టర్‌ని పిలువు, పరుగెత్తు" అని హైమావతి మంచం మీద లేచి కూర్చుంది.

వాళ్ళు వచ్చారు. చేతి నరాలు అప్పటికే అణిగిపోయాయి. ఒక చెయ్యి చూశారు, రెండో చెయ్యి చూశారు. నాడి అందడం లేదని సిస్టర్ మెల్లగా చెప్పడం హైమావతికి వినిపించింది. ఆ పావుగంట ఆమె గున్నమ్మ మొహం మీంచి చూపు తిప్పలేదు. చివరికి చీలమండ దగ్గర ఒక నరం డాక్టరుకు చిక్కింది. సీసా ఒకటి పూర్తయి, రెండోది సగమయ్యాక గున్నమ్మ కళ్ళు తెరిచి మంచినీళ్ళడిగింది. ప్రాణం దక్కింది. కానీ ఆ చెయ్యి వాచి, నల్లగా కమిలి, నెల రోజుల దాకా జీడిపిక్కలు కొట్టే కర్ర పట్టుకోలేకపోయింది.

మర్నాడు హైమావతి కాస్త తేరుకుంది. నీలవేణి తలుపు చాటున నిలబడి లోపలికి రావడం లేదు. హైమావతి పిలిచింది. దుప్పటి తీసి, సెలైన్ లేని చెయ్యి చాపింది.

"గుచ్చు" అంది.

"మేడమ్, మీకు సెలైన్ ఎక్కుతూనే ఉంది కదా."

"ఇది నాకోసం కాదు, నీకోసం. తోలు కిందికి లాగి పట్టు. సూది వాల్చు. తొందరేమీ లేదు."

మొదటిసారి తప్పింది. హైమావతి పళ్ళు బిగించింది. ఇంత నొప్పిగా ఉంటుందని ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఆమెకు తెలియలేదు. రెండోసారీ తప్పింది. అప్పుడు పక్క మంచం మీంచి గున్నమ్మ, వాచిన చెయ్యి గుండెల మీద పెట్టుకునే, "సిన్నగా అమ్మా, ఆయమ్మకి నొప్పెడతాది" అంది.

ఆ మాటకు హైమావతి కళ్ళలో నీళ్ళు ఆగలేదు. మూడోసారి సూది నరంలో దిగి, రక్తం వెనక్కి వచ్చింది. నీలవేణి చెయ్యి వణకలేదు.

ఇంటికి పంపించిన రోజున హైమావతి ఇంటికి వెళ్ళలేదు, తిన్నగా స్కూలుకు వెళ్ళింది. బీరువా తెరిచి, ప్లాస్టిక్ కవరు చింపి పారేసి, రబ్బరు చెయ్యి తెచ్చి బల్ల మీద పెట్టింది. నలభై మందీ వంతులవారీగా గుచ్చారు. బల్ల మీదా, పుస్తకాల మీదా, తెల్ల చీరల మీదా ఎర్రనీళ్ళు చిమ్మాయి. ఆమె ఎవరినీ కోప్పడలేదు. బీరువా తాళంచెవి అప్పటినుంచీ గోడ మేకుకు వేలాడుతూ ఉండేది. ఎవరైనా తీసుకోవచ్చు.

ఏడాది తిరిగేసరికి ఇన్‌స్పెక్షన్‌కి ఒక అధికారి వచ్చాడు. రబ్బరు చెయ్యిని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఒళ్ళంతా చిల్లులు. నొక్కితే పది చోట్ల కారుతోంది.

"కొని రెండేళ్ళు కూడా కాలేదు. ఇంత పాడు చేశారేమిటండీ? కాస్త జాగ్రత్తగా ఉంచుకోవద్దా?" అన్నాడు.

"మొదటి ఏడాది చాలా జాగ్రత్తగా ఉంచానండీ" అంది హైమావతి. "ఆ ఏడాది దీనికి పడాల్సిన పోట్లన్నీ జీడిపిక్కలు కొట్టే ఒక ముసలామె చేతి మీద పడ్డాయి."

అధికారి ఆ చెయ్యిని మెల్లగా బల్ల మీద పెట్టి, కొత్తది ఒకటి కావాలని కాగితం మీద రాసుకున్నాడు.

నేర్చుకోవడానికి తెచ్చిన వస్తువును పాడవుతుందని దాచిపెడితే, వస్తువు భద్రంగానే ఉంటుంది. దానికి తగలాల్సిన దెబ్బలు మాత్రం వద్దని చెప్పలేని పేదవాళ్ళకు తగులుతాయి.