చేనికెళ్ళిన రోలు

అనగనగా ఒక ఊళ్ళో మబ్బుకి భలే పొగరు. కురిస్తే ఈ వీధిలో కురుస్తుంది, పక్క వీధిలో కురవదు. ఆ ఊళ్ళో ఓబులవ్వ అని ఒకావిడ ఉండేది. ఆవిడకి ఒక కొడుకు తిప్పన్న, ఒక కోడలు, ఐదేళ్ళ మనవరాలు మారెక్క. ఊఁ కొట్టు మరి, లేకపోతే నేనూ పడుకుంటా!

ఆ ఏడాది ఇంట్లో మిగిలింది ఒకే ఒక్క మూట వేరుశనగ విత్తనాలు. అవి మొలిస్తేనే పై ఏడాదికి తిండి. మారెక్కేమో రోజూ ఆ మూట దగ్గర చేరి, "రెండే రెండు ఇయ్యి అవ్వా" అనేది. "ముట్టుకున్నావంటే చూడు! అవి తినేవి కాదు, విత్తనం" అని కసిరేది ఓబులవ్వ. కసిరాక తన ప్రాణమే ఉసూరుమనేది.

ఆ ఊరివాళ్ళకి వాన కొలత ఇంటి ముందరి రోలే. వాన వెలిశాక రోట్లో నాలుగు వేళ్ళ నీళ్ళు నిలిస్తే, నేల విత్తడానికి పదునైనట్టు లెక్క.

మృగశిర కార్తెలో ఒక వాన పడింది. రోట్లో నాలుగు వేళ్ళ నీళ్ళు! తిప్పన్న ఎడ్లు తోలుకుని, కొండ కిందున్న చేనికి పరిగెత్తాడు. తీరా చూస్తే అక్కడ దుమ్ము లేస్తోంది. ఊళ్ళో వాన ఊళ్ళోనే ఆగిపోయింది.

ఆ తర్వాత ఆరుద్ర కార్తె వచ్చింది. ఇంటి దగ్గర చుక్క లేదు. ఎండిన రోలు చూసుకుని అందరూ చేతులు కట్టుకు కూర్చున్నారు. అప్పుడు గొర్రెలు కాసేవాడొకడు వచ్చి, "నాలుగు రోజుల కింద మీ చేలో వాన దంచికొట్టింది కదా, విత్తలేదా?" అన్నాడు. పోయి చూస్తే ఏముంది, నేలంతా ఆరిపోయింది.

ఓబులవ్వకి ఒళ్ళు మండింది. "ఇంటి ముందరి రోలుకి చేలో సంగతేం తెలుస్తుందిరా? బండెక్కించు దాన్ని!" అంది.

అప్పుడు చూడాలి! బండి మీద రోలు, బండి వెనక ఓబులవ్వ. ఊరంతా ఒకటే నవ్వు. "అత్తా, మరి పచ్చడెక్కడ నూరేది?" అంది కోడలు. "నూరడానికి ఇంట్లో ఏముందే తల్లీ?" అంది ఓబులవ్వ.

ఆ తర్వాత రోజూ తెల్లారగానే చేనికి నడిచి వెళ్ళి రోట్లోకి తొంగిచూసేది. ఒట్టి రోలు. మర్నాడూ ఒట్టి రోలే. పునర్వసు సగమైపోయింది. ఇంట్లో గంజి పలచబడింది. మారెక్క అడగడం మానేసింది. దాంతో ఓబులవ్వకి ఇంకా ఏడుపొచ్చింది.

ఒకరోజు పొద్దున ఊళ్ళో ఎప్పట్లాగే దుమ్ము. చేనికెళ్తే రోట్లో నీళ్ళు! నాలుగు వేళ్ళూ మునిగాయి. మట్టిలో వేలు గుచ్చితే మొదలుదాకా చల్లగా దిగింది. ఓబులవ్వ కొంగు బిగించి, ఆ వయసులో ఇంటిదాకా పరుగో పరుగు. సాయంత్రానికల్లా చేనంతా విత్తేశారు.

మూట అడుగున పిడికెడు గింజలు మిగిలాయి. ఓబులవ్వ వాటిని మారెక్క ఒళ్ళో పోసింది. ఆ పిల్ల ఒక్కటీ నోట్లో వేసుకోలేదు. అన్నీ ఏరి మళ్ళీ మూటలో వేస్తూ, "వద్దవ్వా, విత్తనం" అంది.

ఓబులవ్వ దాన్ని గుండెకి అదుముకుంది. "విత్తనమంతా నేలలోకి పోయిందే నా బంగారు తల్లీ. ఇవి నీవే. తిను" అంది. అప్పుడు మారెక్క ఒక్కొక్కటే నములుతూ చాలాసేపు తింది.

వాన చేనికి, కథ కంచికి, నిద్దర నా చిట్టితల్లి కంటికి.