మొగుడి పేరు చెప్పని పెళ్లాం

వరదలొచ్చిన ఏడు, ఆశ్వయుజంలో, అన్యాయం జరగబోయింది పోలమ్మకు. ఆమె ఏటి అవతలి రాజ్యంలో పుట్టి, ఇవతల బుట్టలల్లే అసిరయ్యను పెళ్లాడి వచ్చింది. ఇక్కడి ప్రజగా ఉండాలంటే సరిహద్దు అధికారి కేశవరాయుడి ముందు తన కాపురం నిజమని రుజువు చేసుకోవాలి. లేదంటే ఆ సాయంత్రమే పడవెక్కాలి. ఆమె చంటిది ఇక్కడ పుట్టింది గనక ఇక్కడే ఉండిపోతుంది.

"నీ మొగుడి పేరేంటి?" అడిగాడు రాయుడు.

పెళ్లాం మొగుడి పేరు పలకకూడదట. ఏ మగాడు పెట్టాడో గాని, ఏటికి రెండు పక్కలా అదే ఆచారం.

"మా పాప నాన్న, అయ్యా."

"పేరే తెలీదు. ఇది దొంగ పెళ్లి. పడవ విప్పమనండి."

బయట అసిరయ్య చేతిలో బిడ్డ గుక్కపట్టింది. పోలమ్మ నోరు తెరిచింది.

"దొంగ పెళ్లయితే ముందు బట్టీ పట్టేది మొగుడి పేరే కదయ్యా. అమ్మగారిని పిలిచి మీ పేరు అడగండి. చెబితే నేను పోతాను. చెప్పకపోతే ఆవిడనూ పడవెక్కిస్తారా?"

రాయుడు నవ్వి భార్యను పిలిపించాడు. "నా పేరు చెప్పు."

ఆవిడ పెదవి కదిలింది. పోలమ్మ గుమ్మం బయటి బిడ్డ వైపు చూసింది.

"ఇంతమందిలో అదేం అడగడమండీ" అంటూ ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఇది ఆజ్ఞ. పేరు చెప్పలేదనే ఈమెను పంపించేస్తున్నాను."

"అయితే నన్ను కూడా పంపించెయ్యండి."

రాయుడు తల దించుకుని రాయించాడు: పోలమ్మ, ఈ రాజ్యపు ప్రజ. ఆశ్వయుజ బహుళ పంచమి, గురువారం.