కుందేలు ముందు చాయ్

ఉప్పు దంచీ దంచీ ఝాన్సీకి విసుగొచ్చేసింది.

చచ్చిపోయిన జంతువుల తోలు తీసి, లోపల దూది నింపి, బతికున్నట్టే కూర్చోబెట్టే విద్య నేర్చుకుందామని బషీర్ సాబ్ దగ్గర చేరింది. చేరిన రోజు నుంచి ఆయన ఆమె చేతికిచ్చింది రోకలి ఒక్కటే. రాళ్లుప్పు, పటిక కలిపి మెత్తగా దంచాలి. తోలు కుళ్లిపోకుండా లోపలివైపు రుద్దేది ఆ పొడే. దంచి, జల్లెడ పట్టి చూపిస్తే సాబ్ రెండు వేళ్లతో నలిపి, "ఇంకొంచెం, బేటీ" అనేవారు. ఎంత దంచినా ఇంకొంచెమే.

ఒకరోజు ఉండబట్టలేక అడిగేసింది.

"సాబ్, నాకు కత్తి ఎప్పుడిస్తారు?"

సాబ్ జవాబు చెప్పేలోపే గేటు తోసుకుని మల్లేశం వచ్చాడు. గల్లీ చివర మటన్ షాపు ఆయనదే. తలుపు పట్టనంత మనిషి. చేతిలో చెప్పుల డబ్బా పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడుస్తున్నాడు. డబ్బాలో ఒక తెల్ల కుందేలు పడుకుని ఉంది.

"పండుగాడు పోయిండు సాబ్. రాత్రి మంచిగనే తిన్నడు. పొద్దుగాల లేపితే లేవలే. మట్టిల పెట్టబుద్ధయితలేదు. మళ్ల నా కండ్ల ముందట కూసోవెట్టున్రి."

సాబ్ డబ్బా అందుకున్నారు. అరలోంచి ఒక చిన్న కత్తి తీసి ఝాన్సీ ముందు పెట్టారు.

"నువ్వే చెయ్. మల్లేశం వచ్చి తన కుందేల్ని గుర్తుపట్టాడా, ఈ కత్తి నీదే. లేదా, రోకలి ఎక్కడుందో నీకు తెలుసు."

మల్లేశం ఏడుపు ఆపి ఝాన్సీని పైనుంచి కిందిదాకా చూశాడు. "ఈ పిల్లనా?" అని మళ్లీ మొదలుపెట్టాడు.

సాబ్ దగ్గర ఒక రివాజు ఉంది. కత్తి పట్టేముందు జంతువుని బల్ల మీద పడుకోబెట్టి, ఎదురుగా కూర్చుని ఒక చాయ్ తాగాలి. తాగుతూ దాన్ని చూడాలి.

"ఏం చూడాలి సాబ్?"

"చాయ్ అయ్యేదాకా చూడు."

ఝాన్సీ చూసింది. తెల్లగా ఉంది. కుందేలులాగే ఉంది. రెండు గుక్కల్లో చాయ్ ముగించి, నాలుక కాల్చుకుని, కత్తి తీసుకుంది.

"చూశావా?" అన్నారు సాబ్.

"చూశా సాబ్."

మెడకీ నడుముకీ దారంతో కొలతలు తీసుకుంది. పొట్ట కింద చిన్న గాటు పెట్టి, పసిపిల్లకి స్వెట్టర్ విప్పినట్టు తోలుని మెల్లగా తలవైపు లాగింది. కుందేలు తోలు తడిసిన కాగితంలా ఉంటుంది. తుమ్మొస్తే ఏమవుతుందోనని ముక్కు పట్టుకుని మరీ ఆపుకుంది. కనురెప్పలు బాగానే వచ్చాయి. పెదాలూ బాగానే వచ్చాయి. మిగిలింది చెవులు. చెవిని గ్లౌజు తిరగేసినట్టు లోపలిది బయటికి తిప్పాలి. కుడిచెవి తిరిగింది. ఎడమచెవి తిప్పేసరికి కొస నుంచి సగం దాకా చీలిక కనిపించింది.

ఝాన్సీ కత్తి కింద పెట్టేసింది. వెనక్కి తిరిగి చూసింది. సాబ్ కిటికీ దగ్గర కూర్చుని డబ్బాలో గాజుకళ్లు ఏరుతున్నారు.

 ఝాన్సీ గబగబా కొవ్వు గీరేసి, తను దంచిన ఉప్పే రుద్ది, తోలుని పక్కన పెట్టేసింది. ఉప్పు పట్టాక తోలు కడిగిన రోజు, సాబ్ నమాజుకి వెళ్లగానే వెంట్రుకంత దారంతో ఆ చీలిక కుట్టేసింది. సొంత పెళ్లి జాకెట్ అయినా అంత శ్రద్ధగా కుట్టుకోదు. కుట్లు కనపడకుండా పైన బొచ్చు దువ్వింది. తర్వాత తన కొలతల ప్రకారం దూది చుట్టి చేసిన ఒళ్లు తోలులో దూర్చి, పొట్ట కుట్టి, గాజుకళ్లు పెట్టి, చెవులు నిటారుగా నిలబెట్టి ఆరబెట్టింది.

కుందేలు తయారైంది. సాబ్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు. ఆయన బొటనవేలు ఎడమచెవి మీద కాసేపు ఆగింది. 

"మల్లేశానికి ఫోన్ చెయ్," అన్నారు.

మల్లేశం ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. జేబులోంచి క్యారెట్ తొంగి చూస్తోంది. కుందేల్ని చేతిలోకి తీసుకుని, బొచ్చు విడదీసి, పొట్ట కింద కుట్టు మీద వేలు రాసి, వృత్తి మర్యాద కొద్దీ తలూపాడు.

"తోలు మస్తు తీసినవమ్మా. ఎక్కడ గాటు పడలే. మా షాపుల పనికొస్తవా?"

"థాంక్సండీ," అంది ఝాన్సీ, ఉబ్బిపోతూ.

"గని ఇది మా పండుగాడు గాదు."

ఝాన్సీ నవ్వు ముఖం మీదే ఉండిపోయింది. "అదేంటండీ. మీరిచ్చిందేగా."

"తెల్ల కుందేళ్లు అన్నీ ఒక్కతీర్గనే ఉంటయమ్మా. డబ్బాలు మారినయేమో చూడరాదు."

"ఇక్కడ ఇంకో కుందేలే లేదండీ."

"మరి చీలిన చెవేది? చిన్నగున్నప్పుడు షాపుల ఆడుకుంట మటన్ కొట్టే మొద్దు కాడికొచ్చిండు. నేను చూస్కోలే. కత్తి తాకింది. ఆ దినం ఆదివారం. ఆదివారం పూట షాపు బంద్ వెట్టి, వాన్ని ఎత్తుకొని దవఖానకు ఉరికిన. గిరాకి అంత రోడ్డు మీద నిలవడి నన్ను తిట్టుడే." మల్లేశం ఎడమచెవిని జాలిగా నిమిరాడు. "ఈని చెవి సూడు, ఎంత సక్కగున్నది. మావోడు గింత అందగాడు గాదు."

ఝాన్సీ సాబ్ వైపు చూసింది. సాబ్ చిన్న కత్తెర ఒకటి బల్ల మీద ఆమె వైపు జరిపారు.

ఆమె జీవితంలో వేసిన కుట్లలోకెల్లా బాగా వచ్చిన కుట్లవి. ఒక్కొక్కటే కత్తిరించింది. ఆరిన తోలు మెత్తబడేలా తడిదూది అద్దింది. మెల్లగా చీలిక విచ్చుకుని, చెవికొస ఒక పక్కకి వాలింది.

మల్లేశం వంగి చూశాడు.

"అరే పండూ," అన్నాడు మెల్లగా. వెంటనే గొంతు పెంచాడు. "పొయ్యేముందట ఫ్రిజ్ వైరు కొరికి పోయినవ్ గదరా. ఇంట్ల కూరలన్ని పాసిపోయినయ్. మీ అమ్మ నన్ను తిడుతున్నది."

తిట్టుకుంటూనే కుందేల్ని చంకలో పెట్టుకుని, దాని మూతి దగ్గర క్యారెట్ ఆనించి, గేటు దాటి వెళ్లిపోయాడు.

ఝాన్సీ బల్ల మీది దారపు ముక్కలు ఏరింది.

"చెవి నేనే చింపాననుకున్నా సాబ్. మీకు కనపడకూడదని కుట్టేశా."

"తెలుసు."

"చీలిక ముందునుంచే ఉందని ఒక్కమాట చెప్పొచ్చు కదా."

"చూశానన్నావు కదా, బేటీ."

మల్లేశం గుర్తుపట్టినట్టా, పట్టనట్టా, కత్తి తనదా కాదా అని ఝాన్సీ అడగలేదు. తనే వెళ్లి రోలు ముందు కూర్చుంది.

మర్నాడు ఎవరో ఒక కోడిపుంజుని సంచిలో తెచ్చిచ్చి వెళ్లారు. సాబ్ దాన్ని బల్ల మీద పడుకోబెట్టి, పక్కన కత్తి పెట్టారు.

ఝాన్సీ రోకలి వదిలేసి చాయ్ పోసుకుని వచ్చింది. కత్తిని పక్కకి జరిపి, పుంజు ఎదురుగా కూర్చుంది. తల మీది ఎర్ర తురాయి అంచున ఒక మొన విరిగి ఉంది. ఎడమకాలి వెనకవేలు కొంచెం వంకర. మెడ దగ్గర ఒక్క ఈకే నల్లగా ఉంది. చాయ్ మీద మీగడ కట్టింది.

"చూశావా?" అన్నారు సాబ్.

"ఇంకా లేదు సాబ్."

సాబ్ చొక్కా చేతులు పైకి మడుచుకుని, రోలు దగ్గరికి లాక్కుని, ఉప్పు దంచడం మొదలుపెట్టారు.