అబ్బులు నిద్ర, నల్లమ్మ పాలు

గోదావరి జిల్లాలోని ఒక పల్లెలో అబ్బులు అనే పాడి రైతు ఉండేవాడు. గేదెల్ని సాకడంలో ఘటికుడే కానీ, నిద్రకు మాత్రం వేళాపాళా లేని మనిషి. ఫోను చేతికొచ్చినప్పటి నుంచి రెండు సినిమాలు చూడనిదే పడుకునేవాడు కాదు. ఊళ్లో వాళ్లంతా పాలు పోసి వచ్చాక ఆయనగారు ఆవులిస్తూ లేచేవాడు. మధ్యాహ్నం అన్నం సయించేది కాదు. అందరూ పడుకునే వేళకు ఆకలి దంచేసేది. చీటికీ మాటికీ చిరాకు పడేవాడు.

"నిద్రదేముంది? ఎప్పుడు రమ్మంటే అప్పుడొస్తది!" అని మీసం దువ్వేవాడు.

అతని భార్య పాపారత్నానికి నల్లమ్మ అనే గేదె ప్రాణం. పుట్టింటి నుంచి దూడగా తెచ్చుకుని బిడ్డలా పెంచింది. కానీ పాలు తీయడానికి ఆ గేదె అబ్బుల్ని తప్ప ఎవరినీ దగ్గరికి రానిచ్చేది కాదు. అతను లేచేదాకా పాపం అలాగే నిలబడేది. కొన్నాళ్లకు దానికీ పొద్దెక్కాకే పాలివ్వడం అలవాటైపోయింది.

ఆ ఏడు పక్క ఊళ్లో పాల పోటీలు పెట్టారు.

"మన నల్లమ్మని నలుగురూ మెచ్చుకుంటుంటే చూడాలనుందండీ," అంది పాపారత్నం. "అక్కడ తెల్లారకుండానే పాలు తియ్యాలంట. ఇయ్యాల్టి నుంచే పెందరాళే లేవండి. మీకూ దానికీ అలవాటవుద్ది."

"ఇంకా నెలుందిగా! ముందురోజు తొరగా పడుకుంటే సరిపోద్ది," అన్నాడు అబ్బులు.

అన్నట్టే పోటీ ముందురోజు దీపాలు పెట్టే వేళకే ముసుగు తన్నాడు. నిద్ర వస్తేనా! అటు దొర్లాడు, ఇటు దొర్లాడు. కాస్త కునుకు పట్టేసరికి భార్య తట్టి లేపింది.

పోటీలో అందరి బిందెలూ నురగలు కక్కుతున్నాయి. అబ్బులు నల్లమ్మ పొదుగు కడిగాడు, వెంట తెచ్చిన దాని దూడను వదిలాడు, బతిమాలాడు. బిందె అడుగు తడిసిందంతే. గడువు అయిపోయింది. పాపారత్నం కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

"ఎవరిదో దిష్టి తగిలిందండీ," అన్నాడు అబ్బులు అక్కడున్న పశువుల డాక్టరమ్మతో.

"ఇంటి దగ్గర ఎప్పుడు తీస్తారు పాలు?"

"పొద్దెక్కాకండి."

"మీ కళ్లేంటి, అలా ఎర్రబడ్డాయి?"

"రాత్రి నిద్ర పట్టలేదండి."

డాక్టరమ్మ నవ్వింది. "అయితే ఇద్దరిదీ ఒకటే జబ్బు. ఒంటి లోపల ఒక గడియారం ఉంటుందండీ. వెలుగునీ చీకటినీ అలవాట్లనీ చూసుకుని నడుస్తుంది. నిద్రా ఆకలీ దాని ప్రకారమే వస్తాయి. పశువుకైనా అంతే. దాన్ని రోజూ కొంచెం కొంచెం జరపాలి గానీ, ఒక్క రాత్రిలో తిప్పెయ్యలేం."

ఆ మాట అబ్బులుకి మింగుడు పడలేదు. నల్లమ్మనూ దూడనూ వ్యానెక్కించి ఇంటిదారి పట్టారు. ఎండ చురుక్కుమంటున్న వేళ పాపారత్నం కేకేసింది.

"ఏవండోయ్! ఇటు చూడండి!"

నల్లమ్మ పొదుగు నుంచి పాలు వాటంతటవే ధార కట్టి, వ్యాను చెక్కల సందుల్లోంచి రోడ్డు మీదికి కారిపోతున్నాయి. అది సరిగ్గా అబ్బులు రోజూ నిద్ర లేచే వేళ. అతను సిగ్గుతో తల దించుకున్నాడు. పాపారత్నానికి ఏడవాలో నవ్వాలో తెలియలేదు; చివరికి పకపకా నవ్వేసింది.

ఆ రోజు నుంచి అబ్బులు చీకటి పడగానే ఫోను బీరువాలో పెట్టేవాడు. రోజుకింత ముందుగా లేచి, ఎండ పొడలో కాసేపు తిరిగేవాడు. మొదట్లో తూలేవాడు, విసుక్కునేవాడు. నెల తిరిగేసరికి ఎవరూ లేపకుండానే మెలకువ వచ్చేది, మధ్యాహ్నం కంచం ఖాళీ అయ్యేది, చిరాకూ తగ్గింది. నల్లమ్మకూ పెందరాళే పాలివ్వడం అలవాటైంది. మరుసటి ఏడు పోటీలో అది రెండో బహుమతి కొట్టింది. పాపారత్నం ఆ సంగతి ఊరంతా తిరిగి చెప్పింది.

ఒంటికంటూ ఒక వేళ ఉంటుంది. రోజూ దాన్ని తప్పించేవాడి మాట, అవసరం పడిన రోజున సొంత ఒళ్లే వినదు.