కుశలేశ్వరుడు కూర్చున్న బండ

పూర్వం నల్లమల అంచున, నేడు మనం కుశలేశ్వరమని కొలుచుకునే ఈ కొండ మీద, పేరైనా లేని ఒక శివలింగానికి నిత్యాభిషేకం కోసం ఆవుపాలు మోసుకువచ్చే గంగులయ్య అనే గొల్లవాడు ఉండేవాడు. మహా మాటకారి. అతడు మెట్లెక్కుతుంటే పాలకన్నా ముందు నవ్వు గుడికి చేరేదని చెప్పుకునేవారు.

ఒక మహాశివరాత్రికి ఊరంతా ఉపవాసముండి, జాగరణ చేసి, మౌనం పట్టి, మర్నాడు పారణ కానిచ్చి ఎవరి పనుల్లో వారు పడ్డారు. గంగులయ్య వ్రతం మాత్రం ముగియలేదు. పొద్దు పొడిస్తే గుడి వెనుక బండ, పొద్దు గూకితే ఇంటి గోడ, అంతే అతడి లోకమైంది. అన్నం సయించలేదు, కన్ను మూతపడలేదు, నోట మాట పెగలలేదు. ఎందుకో అతడికే తెలియదు. పాడికి లోటు లేదు, ఆలుబిడ్డలకు లోటు లేదు. ప్రాణప్రదంగా పెంచిన కపిలగోవు వచ్చి చెయ్యి నాకినా, ఆ చెయ్యి తనది కానట్టే చూసేవాడు.

మనవాళ్ళ సంగతి తెలిసిందే, దండం పెట్టడం తేలిక, పలకరించడమే బరువు. ఇంకా వ్రతం విడవలేదంటే ఎంతటి మహాత్ముడోనని పాదాల దగ్గర పూలు పోశారు. ఇది భక్తి కాదు, గోడవైపు తిరిగి ఏడుస్తున్నాడని భార్య ఈరమ్మ మొత్తుకుంటే, పుణ్యాత్ముడి ఇల్లాలు అలా అనకూడదని నోరు మూయించారు.

పూలు పెరిగేకొద్దీ గంగులయ్య మరింత ఒంటరివాడయ్యాడు. అందరూ చేతులు జోడించి అల్లంత దూరాన నిలబడేవారే గాని దగ్గరికి వచ్చిన పాపాన పోలేదు. నాకు బాగాలేదన్న మాట గొంతులోనే ముల్లులా ఉండిపోయింది. చివరికి అతణ్ణి స్వామిని చేసి ఊరేగించాలని పెద్దలు నిశ్చయించారు. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అన్నది అతడిపట్ల అక్షరాలా నిజమైంది. పల్లకీ రావలసిన ఉదయాన అతడి చూపు బండకు ఆవల ఉన్న లోయ మీదనే నిలిచిపోయింది; ఇక బతకడమెందుకు అనిపించింది.

అంతలో ఒక ముదుసలి జంగమయ్య వచ్చి, పూలను చేత్తో పక్కకు నెట్టి, బండ మీద అతడి పక్కనే చతికిలబడ్డాడు. దండం పెట్టలేదు.

"అన్నం తినబుద్ధవుతోందా నాయనా? కంటికి నిద్ర వస్తోందా?" అని అడిగాడు.

అన్నాళ్ళలో ఊళ్ళో ఎవరూ అడగని మాట అది. గంగులయ్య నోరు తెరిచాడు.

"ఇది వ్రతం కాదయ్యా. నా మనసు బాగాలేదు," అని భోరుమన్నాడు.

జంగమయ్య మంత్రం వేయలేదు, విభూతి పెట్టలేదు. ఇది జబ్బేననీ, జబ్బుకు సిగ్గుపడనక్కరలేదనీ చెప్పి, ఈరమ్మను పిలిపించి, ఇద్దరినీ కొండ దిగువనున్న వైద్యుడి గడపదాకా నడిపించాడు. బోయీలు ఖాళీ పల్లకీతో వెనుదిరిగారు. వైద్యుడు ముగ్గురికీ పీటలు వేసి చూసేసరికి జంగమయ్య లేడు. అతడు నిలబడిన చోట గడప మీద, అప్పుడే అభిషేకం ముగిసినట్టు, పాలచుక్కలు తడితడిగా ఉన్నాయి.

సాక్షాత్తూ శివుడే పంపినా మందు ఒక్కపూటలో పని చేయలేదు. రెండు వానాకాలాలు ఈరమ్మ అతణ్ణి వైద్యుడి దగ్గరికి తిప్పింది. తేరుకున్నట్టే ఉండి మళ్ళీ కుంగిన రోజులూ ఉన్నాయి. కాని ఒకనాటి ఉదయం పాలకన్నా ముందు నవ్వు గుడికి చేరింది.

కుశలమడిగిన దేవుడు కనుక స్వామికి కుశలేశ్వరుడనే పేరు వచ్చింది. నేటికీ ఆ బండ మీద పూలు పెట్టనివ్వరు. శివరాత్రి మర్నాడు అర్చకుడు తన పారణకు ముందు గుడి వెనక్కి వెళ్ళి చూస్తాడు. అక్కడ ఎవరైనా ఒంటరిగా కూర్చుని ఉంటే, తానూ పక్కన కూర్చుని, అన్నం తినబుద్ధవుతోందా అని అడుగుతాడు. బదులు వచ్చేదాకా ఆయన ముద్ద ముట్టడు.